పరభాషా బాలలకు పాఠము



గత మాసమున మన చందాదారులలో నొక సోదరి విజయనగరమునుండి నాకొక జాబు వ్రాసినది. ఆమె కుమార్తె భర్తతోగూడ చీనాదేశమునకు బోయి, అచ్చటి యొక పట్టణమున చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పుచున్నదట. పిల్లలు బుద్ధిమంతులే కాని, అడిగినదానికి నోరు మెదపరట. చెప్పినదానిని మాత్రము చిలుకలవలె వల్లించెదరట. “వారి భాష నేను నేర్చుకొనవలయునా, లేక ఇంగ్లీషుతోడనే కాలము గడుపవచ్చునా?” అని ఆ బిడ్డ తల్లి నడిగినది, తల్లి నన్నడిగినది. మావారు బడిపంతులగుటచే నాకీ సంగతులు తెలిసియుండునని ఆ సోదరి నమ్మకము.

చీనాదేశమును నేను చూచి యెఱుగను. అయినను ఈ ప్రశ్న చీనాదేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంటిలో నొక పలుకును బడిలో వేఱొక పలుకును వినవలసివచ్చిన ప్రతి బిడ్డకును, అట్టి బిడ్డకు పాఠము చెప్పవలసివచ్చిన ప్రతి యుపాధ్యాయునకును ఇది చెందును. దీనికి సమాధానమును మన శ్రీకాకుళ ప్రాంతమువారే యొకరు, ఒక బడిపంతులు, తన జీవితమంతయు వెచ్చించి చెప్పిపోయినారు. ఆ సంగతి చెప్పుటకు ముందు, ఆ చీనా బిడ్డల మౌనమునకు గల కారణములను కొంచెము విచారింతము.

2001వ సంవత్సరమున ఆ దేశపు విద్యాశాఖవారు ప్రాథమిక పాఠశాలలలో మూడవ తరగతి మొదలుకొని ఇంగ్లీషు చెప్పింపవలెనని నిర్ణయించిరి. అయితే ఆ బిడ్డ ఇంగ్లీషు బడికి వచ్చునప్పటికే ఇంగ్లీషు అక్షరములను ఎఱిగియుండును. తమ చిత్రలిపిలోని మాటలకు ఉచ్చారణ తెలియజేయుటకై 1958లో చీనావారు రోమను అక్షరములతో నొక పద్ధతి నేర్పఱచుకొనిరి. దాని పేరు పిన్‌యిన్. అందు ‘క్యూ’ అను అక్షరమునకు ‘చ’కారమునకు దగ్గరి ధ్వనియు, ‘ఎక్స్’ అను అక్షరమునకు ‘ష’కారమునకు దగ్గరి ధ్వనియు గలవు. కావున ఇంగ్లీషు పుస్తకమున ఆ యక్షరములను చూచిన బిడ్డ తాను ముందు నేర్చినట్లే పలుకును. అది తెలియని యుపాధ్యాయిని బిడ్డకు అక్షరములే రావనుకొనును. బిడ్డకు వచ్చును, వేఱు విధముగా వచ్చును.

వారి భాషలో స్వరభేదముచే అర్థము మాఱును. ‘మా’ అను నొక్క మాటనే నాలుగు స్వరములతో పలికినచో క్రమముగా తల్లి, నార మొక్క, గుఱ్ఱము, తిట్టుట అను నాలుగర్థములు వచ్చును. కొత్తగా నేర్చువారు తల్లిని బిలువబోయి గుఱ్ఱమును బిలుచుట సామాన్యమే. ‘అతడు’, ‘ఆమె’ అను రెంటికిని వారు పలుకునది ‘థా’ అను నొక్క మాటయే. వ్రాతలో భేదము కలదు గాని నోటిలో లేదు. కావుననే ఆ పిల్లలు ఇంగ్లీషు మాటలాడునప్పుడు తల్లిని పురుషునిగాను, తండ్రిని స్త్రీగాను చెప్పుదురు. అది అజాగ్రత్త కాదు. తల్లిభాష చెప్పిన పాఠము.

మఱి కొన్ని విషయములందు చీనావారు మనకు ఇంగ్లీషువారికంటె చుట్టములు. అన్నకు, తమ్మునికి, అక్కకు, చెల్లెలికి ఇంగ్లీషున రెండే మాటలు; మనకువలె వారికి నాలుగు మాటలు వేఱువేఱుగా నున్నవి. ఇంటిపేరు ముందుగాను, పెట్టిన పేరు తరువాతను చెప్పుట వారికిని మనకును ఆచారమే. దారిలో గనబడినవారిని మనము “భోజనమైనదా?” అని పలుకరించినట్లే, “తింటివా?” అని పలుకరించుట వారి పెద్దలకు పరిపాటి. నాలుగు అను సంఖ్యకు వారు పలుకు మాట మరణమను మాటను బోలియుండును గనుక ఆ సంఖ్యను అశుభముగా నెంచి తప్పించుకొందురు. మన పెద్దలు ధాన్యము గొలుచునప్పుడు ఒకటి యనక ‘లాభము’ అనియు, ఏడు అనిన ఏడుపు స్ఫురించునని ‘ఆఱునొక్కటి’ అనియు చెప్పుట లేదా? విజయనగరపు బిడ్డ ఈ సంగతినొక్కదానిని తన తరగతిలో చెప్పినచో, ఆ పిల్లలు నోరు విప్పక మానరు. ఉపాధ్యాయిని తమ యింటిని ఎఱిగినదని తోచినప్పుడే పిల్లలకు మాట వచ్చును.

చీనావారును మన పలుకులను వినిపోయినవారే. ఏడవ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగను బౌద్ధ యాత్రికుడు నలందలో చదువుకొని, కళింగాంధ్ర దేశములను చూచి, ఈ ప్రాంతపు పలుకు మధ్యదేశపు పలుకునకు వేఱని తన గ్రంథమున వ్రాసికొనెను. పరదేశమునకు బోయినవాడు ముందుగా చెవి యొగ్గవలయునని ఆ భిక్షువు ఎఱిగియుండెను.

ఇక మనవారి సంగతి.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకూర్మమునకు చేరువనున్న పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని కోల్పోయి, విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదివిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై చిన్న తరగతికి చరిత్ర చెప్పుటకు కుదిరిరి. పర్లాకిమిడి కొండల నడిమి పట్టణము. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని, ఒడియాకు గాని చెందినది కాదు. ముండా భాషల కుటుంబములోనిది.

నేర్చుకొందమన్న ఆ భాషకు పుస్తకము లేదు. పంతులుగారు సవరభాష మాటలాడువానిని తన యింటనే యుంచుకొని, విని విని, వ్రాసి వ్రాసి నేర్చుకొనిరి. ఈ పని ఏండ్లతరబడి సాగినది. సోదరీమణులారా, ఒక మనుష్యుని ఇంటనుంచుకొనుట యనగా ఆ యింటి పొయ్యిపై మఱికొంత యెసరు పెట్టుటయే గదా! 30 రూపాయల జీతముతో మొదలిడిన సంసారమున ఆ యెసరు పెట్టిన ఇల్లాలికిని ఆ విద్యలో భాగము కలదని నేను దలంతును. పంతులుగారు సవరభాషలో పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి, సవర బిడ్డలకు వారి మాటలతోనే చదువు చెప్పించిరి. మన్నెపు జ్వరములకు క్వినైను తిని తిని ఆయనకు వినికిడి తగ్గిపోయెనని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. చెవితో నేర్చిన భాష కొఱకు చెవినే ధారపోసినట్లయినది.

1911లో ఉద్యోగమునుండి విరమించిరి. 1913లో ప్రభుత్వము వారికి రావుబహద్దూరు బిరుదము నిచ్చెను. సుమారు 35 ఏండ్ల కృషి ఫలితముగా సవర భాషా వ్యాకరణము ఇంగ్లీషున 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడినవి. 1936 ఏప్రిలు 1వ తేదీన పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున జేరినప్పుడు, ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి.

తెలుగువారిలో పెక్కురకు గిడుగువారు వ్యావహారికభాషా వాదిగానే తెలియును. ఆయన జన్మదినమును తెలుగు భాషా దినముగా జరుపుకొనుచున్నాము. కాని ఆ వాదము ఎచ్చట మొలకెత్తెనో గమనింపుడు. 1907లో యేట్సు అను దొర ఉత్తరపు జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారియై వచ్చి, తెలుగు నేర్వగోరి, ప్రజలు పలుకునది ఒకటియు పుస్తకములలోనిది వేఱొకటియు నగుటకు కారణమేమని విచారించెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పగలవారిలో నొకరుగా తెలిసినవారు రామమూర్తిగారిని జూపిరి. సవర బిడ్డకు తెలియని మాటలతో పాఠము చెప్పినచో చదువు రాదని కొండలలో కన్నులార చూచినవారు గనుక, తెలుగు బిడ్డకు మాత్రము తెలియని తెలుగుతో చదువెట్లు వచ్చునని ఆయన నిలదీసిరి.

ఇంత చెప్పి, ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నదేమని మీరు నవ్వుకొనవచ్చును. మా తండ్రిగారు నాకు ఇంటిలో భారత భాగవతములను, ప్రబంధములను చదివించిరి. కలము పట్టినప్పుడు ఈ భాషయే నాకు అలవాటు. దీనియం దభిమానమును గలదు. కాని నేను ఇంటిలో పిల్లలను ఈ భాషతో అన్నమునకు బిలువను. పెద్దయైన పిమ్మట ఇష్టపడి పట్టుపుట్టము గట్టుకొనుట వేఱు. పసిబిడ్డకు పట్టుపుట్టము చుట్టి పరుగెత్తుమనుట వేఱు. పంతులుగారు కాదన్నది ఈ రెండవదానినే యని నా తలంపు.

మావారు కొంతకాలము మన్నెపు అంచుననున్న యొక పాఠశాలలో పనిచేసిరి. ఆదివారములందు వసతిగృహపు ఆడపిల్లలు కొందఱు ఇంగ్లీషు చెప్పించుకొనుటకు మా యరుగుమీదకు వచ్చుచుండిరి. అందొక సవర బాలిక యుండెను. అయిదవ తరగతి. ఎవరేమి యడిగినను తలవంచుకొని నిలుచుండునే గాని పలుకదు. ఆమెను ‘మొద్దు’ అని పిలుచుట ఆ పిల్లలలో నలవాటైపోయినది. ఒకనాడు చింతపిక్కలు ఇచ్చి కుప్పలు పెట్టుమంటిని. తక్కిన పిల్లలు పదేసిగా కుప్పలు పెట్టిరి. ఈమె పన్నెండేసిగా పెట్టెను. ఏలయని అడుగగా, చాలసేపటికి, “మా అవ్వ ఇలాగే లెక్కెడతాది, అమ్మగోరూ!” అని మెల్లగా ననెను.

ఆ మాట విన్న పిమ్మట విచారించి తెలిసికొంటిని. సవరభాషలో పన్నెండువఱకు వేఱువేఱు మాటలు గలవు. పన్నెండును ‘మిగ్గల్’ అందురు. పదమూడు అనగా పన్నెండును ఒకటియు. పందొమ్మిది అనగా పన్నెండును ఏడును. ఇరువదికి వేఱు మాట కలదు. ఆపైన ఇరువదుల లెక్క. ముప్పదిరెండు అనగా ఇరువదియు పన్నెండును. ప్రపంచ భాషలలో ఇట్టి లెక్క అరుదని భాషాశాస్త్రజ్ఞులు విశేషముగా చెప్పుకొందురు. మన యరుగుమీద అది మొద్దుతనమనిపించుకొనినది! చీనా బిడ్డ పదునొకటిని ‘పది-ఒకటి’ అనియు, ఇరువదిమూటిని ‘రెండు-పది-మూడు’ అనియు సూటిగా లెక్కించును. తెలుగు బిడ్డ పదకొండు, పన్నెండు అనును. సవర బిడ్డ మిగ్గల్ అనును. పిక్కలు అవియే, వేళ్లు అవియే. నడచివచ్చిన దారులు వేఱు. ఏ దారిని వచ్చెనో తెలిసికొనక బిడ్డను మన దారిలోనికి లాగుట ఎట్లు?

ఆ బాలికయే మఱియొకప్పుడు “మా అమ్మ వచ్చినాడు” అనినది. పిల్లలు పకపక నవ్విరి. సవరభాషలో అతడు, ఆమె యను భేదము లేదు. చీనా బిడ్డలు ఇంగ్లీషున చేయు పనినే ఈమె తెలుగున చేసినది. ఆ మాట నేను పిల్లలకు విప్పిచెప్పి, “మన తెలుగునందును ఆడుదానికిని ఆవునకును ‘వచ్చింది’ అని యొక్కటే క్రియ గదా! ఎవరిని జూచి ఎవరు నవ్వవలయును?” అంటిని. అందఱును నవ్విరి, ఈమెయును నవ్వెను. ఆనాటినుండి ఆమె నాకు వారమునకు నాలుగు సవర మాటలు నేర్పునట్లును, నేను ఆమెకు నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పునట్లును ఒడంబడిక చేసికొంటిమి. గురుదక్షిణ ఇరువైపులను చెల్లిపోవుచుండెను. ఆ యేటి చివరకు ఆమె తరగతిలో లేచి నిలుచుండి బిగ్గరగా పాఠము చదివినది.

మాటలతోపాటు వారి నడవడియు కొంత తెలిసినది. సవరలు ఎఱ్ఱమట్టితో అలికిన గోడలపై బియ్యపు పిండితో మనుష్యులను, చెట్లను, ఏనుగులను, నెమళ్లను చిత్రింతురు. అవి అలంకారము కొఱకు గాక, దేవతలకును గతించిన పెద్దలకును నివాసముగా వ్రాయబడును. ఒడిసా సవరలు దీనిని ‘ఇడితాల్’ అందురు. ఆ మాటలో వ్రాయుట యను అర్థము ఇమిడియున్నదని చెప్పుదురు. వ్రాత లేనివారని మనము చెప్పుకొనువారు తరతరములుగా గోడలపై వ్రాయుచునే యున్నారు. 1936లో మాంగేయ్ గొమాంగొ అను సవర పెద్ద తమ భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అను లిపినే కల్పించెను. ఆ యక్షరములను దేవతా స్వరూపములుగా పూజించువారును గలరు. మనకు సరస్వతీ పూజ యెట్లో వారికి అదియట్లు.

గతించినవారి కొఱకు వారు రాయి నిలిపి, బలి యిచ్చి, విందు చేయుదురు. పెద్దల పేళ్లను మనుమలకు బెట్టుదురు. చీనావారు ప్రతి సంవత్సరము ఏప్రిలు మొదట పెద్దల సమాధులను శుభ్రపఱచి పూజింతురు. మనము మహాలయ పక్షమున తర్పణము విడుతుము. తాతగారి పేరు మనుమనికి బెట్టుదుము. కొత్త కందులు పండినను కందికొత్తల పండుగ చేసి దేవతకు సమర్పింపక మన్నెమువారు నోట బెట్టరు. మన యిండ్లలో కొత్తబియ్యము సంక్రాంతికి పొంగలియై దేవుని కడకు బోవుట లేదా? ఇన్ని పోలికలు పెట్టుకొని, ఒకరినొకరు వింతగా చూచుకొనుట మాత్రము ఎందుకు?

పంతులుగారు వేసిన విత్తు ఎండిపోలేదు. మన రాష్ట్రమున 2004 ప్రాంతమునుండి కొన్ని బడులలో సవర, కొండ, కువి, కోయ మొదలగు భాషలలో చిన్న తరగతులకు పుస్తకములు సిద్ధము చేసి, తల్లిభాషతో మొదలిడి క్రమముగా తెలుగునకు తెచ్చు పద్ధతిని ఆరంభించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, వీలైనంతవఱకు అయిదవ తరగతిదాక ఇంటిభాషలో బోధింపవలెనని చెప్పుచున్నది. సవరలు హెచ్చుగా నున్న సీతంపేట ప్రాంతము 2022లో శ్రీకాకుళము జిల్లానుండి పార్వతీపురము మన్యము జిల్లాకు మాఱినది. జిల్లా పేరు మాఱినను బిడ్డ కష్టము మాఱలేదు. సవర బిడ్డ ఇంట సవరయు, సంతలో తెలుగును, బడి పుస్తకమున ఇంగ్లీషును మోయవలసియున్నది. మూడు బరువులు, ఒక్క పసి తల.

ఇంగ్లీషు వలదని నేను చెప్పుట లేదు. కొండమీది తల్లియును తన బిడ్డకు ఇంగ్లీషు రావలెననియే కోరుచున్నది. ఆ కోరిక న్యాయమైనది. కాని ‘కన్యాశుల్కము’లో గిరీశముచే వెంకటేశమునకు అబ్బిన ఇంగ్లీషు ఎట్టిదో మీరెఱుగుదురు. తల్లి వెంకమ్మ కొడుకు ఇంగ్లీషు వినవలెనని ముచ్చటపడగా, గురుశిష్యు లిరువురును అర్థములేని ముక్కలు వల్లించి ఆమెను మురిపించిరి. ఆ తల్లిని జూచి నవ్వుచుందుము గాని, నేడును ఎన్ని యిండ్లలో, ఎన్ని బడులలో అదియే జరుగుచున్నది! అర్థము తల్లిభాష గుండ లోనికి బోవును. అటుపిమ్మట ఏ భాషలోనైనను బయటికి వచ్చును. ముందు మెట్టు తీసివేసి పైమెట్టు ఎక్కుమనిన బిడ్డ పడిపోవును. పడిన బిడ్డనే మనము మొద్దు అందుము.

కావున విజయనగరపు సోదరి కుమార్తెకును, పరభాషా బాలలతో పని గల తక్కిన సోదరీమణులకును నేను చెప్పగలిగినది కొంచెమే. వారి భాషను పండితురాలివలె నేర్వనక్కఱలేదు. కాని వారి యిండ్లలో తల్లిని, అన్నను, అన్నమును, నీటిని, ఆకలిని, నొప్పిని ఏమందురో మొదటి మాసముననే నేర్చుకొనుడు. వారి పేళ్లను వారు పలికినట్లే పలుకుడు. మీ నోటికి కష్టమని పేరు మార్చి పెట్టకుడు. తప్పు వినబడినప్పుడు దిద్దుటకు ముందు, అది ఏ భాషలో ఒప్పో యోచింపుడు. వారి లెక్కను, వారి పండుగను, వారి కథను తరగతిలోనికి రానిండు. వారమున కొక్కసారియైనను పిల్లను గురువుగా నిలిపి, మీరు శిష్యురాలై కూర్చుండుడు. గురువు నోట తప్పు మాట విని నవ్విన బిడ్డకు, తాను తప్పు పలుకుటయందలి భయము తీరిపోవును.

ఇది బడిపంతుళ్లకు మాత్రమే గాదు. మన వీధిలోనికి చీపుళ్లు, చింతపండు, పసుపు అమ్మవచ్చు కొండవారి స్త్రీలు గలరు. బేరమాడుటకు వారు మన భాష నేర్చుకొనిరి. మనము వారి భాషలో ఒక్క మాటయైన నేర్చుకొంటిమా? ఈసారి గుమ్మము ముందు గంప దింపినప్పుడు, ఆ వస్తువును వారి యింట ఏమందురో అడుగుడు. వెంట పిల్లయున్నచో పిల్లనే యడుగుడు. ఆ మాటను మీ పిల్లలచేత రెండుసార్లు అనిపింపుడు. మీరు వినిన మాటలను నాకు వ్రాసి పంపినచో వచ్చు మాసములలో ఈ పుటయందు సంతోషముతో ప్రకటింతును.